కథ వినే రాతిపాప

అనగా అనగా, కొండలను కూడా పేరు పెట్టి పిలుచుకొనే రోజులలో, నల్లసిరి అనే చిన్న రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో సింగనాచారి అనే శిల్పి ఉండేవాడు.

ఆయన రాతిని ఎన్నుకొనే తీరే చూడముచ్చటగా ఉండేది. గనిలో నిలబడి, చిన్న సుత్తితో రాతిని మెల్లగా తట్టి, చెవి ఆనించి వినేవాడు. కంచుగంటవలె మోగిన రాయి దేవునికి. తాళంవలె మోగిన రాయి దేవేరికి. మూగగా ఉన్నది గడపకో, మెట్టుకో. ఆయన చెక్కిన సింహాన్ని చూసి ఆవులు బెదిరేవి. ఆయన చెక్కిన నర్తకిని దాటిపోతూ, గజ్జెలు ఎక్కడ మోగుతున్నాయా అని బాటసారులు వెనుదిరిగి చూసేవారు.

అయినా ఆయన మనసులో ఒక వెలితి ఉండేది. దానిని ఆయన ఎవరితోనూ చెప్పుకొనేవాడు కాడు.

ఆయన పుట్టిన తొమ్మిదవ నాడే తల్లి కన్నుమూసింది. తండ్రి మితభాషి. నాలుగవ ఏట కొడుకు చేతిలో ఉలి పెట్టాడు. పొరుగింటి అరుగుమీద పిల్లలు చేరి కథ వింటూ ఉంటే, ఈ పిల్లవాడు సుత్తిదెబ్బల నడుమ ఒక్కొక్క ముక్క ఏరుకొనేవాడు.

"అప్పుడు ఆ రాకుమారి..." ఠంగ్! "...తలుపు తీసి చూసేసరికి..." ఠంగ్!

ఏ కథా ఆయన చెవిలో మొదటినుండి చివరిదాకా పడలేదు. అరవై ఏళ్లు నిండినా, ఆ తలుపు వెనుక ఏమున్నదో ఆయనకు తెలియలేదు.

ఒకనాడు రాజుగారు సింగనాచారిని పిలిపించారు. పిల్లలు కూర్చొని కథలు వినడానికి ఆయన ఒక చావడి కట్టించారు. దాని నడుమ ఒక పీఠం ఖాళీగా ఉన్నది.

"ఆచారిగారూ! ఈ పీఠంమీద నాకు దేవుడు వద్దు, రాజు వద్దు. కథ వింటున్న ఒక పాప కావాలి" అన్నారు రాజుగారు.

"చిత్తం ప్రభూ. ఏ కథ వింటున్నట్లు చెక్కమంటారు?"

రాజుగారు ఖాళీ పీఠంవైపు చూశారు. తరువాత మెల్లగా అన్నారు. "నా చిన్నతనంలో మా అమ్మ నాకు రోజూ కథ చెప్పేది. అప్పుడు నా ముఖం ఎలా ఉండేదో నాకు తెలియదు. చూసినది ఆమె ఒక్కతే. ఆమె ఇప్పుడు లేదు. ఆమె చూసినదేమిటో ఒక్కసారి చూడాలని ఉంది ఆచారిగారూ. ఉగాదినాటికి చేసి ఇవ్వగలరా?"

సింగనాచారి తల వంచి, "చేస్తాను" అన్నాడు.

పచ్చకొండ గనిలో నునుపైన ఆకుపచ్చరాయి దొరికేది. ఆ పొర అప్పటికే అడుగంటింది. మిగిలినవి మూడే రాళ్లు. ఆ మూడింటినీ బండ్లమీద శిల్పిగారి పందిరికి చేర్చారు.

మొదటి రాతికి ఆయన దారం పట్టి గీతలు గీశాడు. నుదురు ఇంత, ముక్కు ఇంత, గడ్డం ఇంత. శాస్త్రం చెప్పిన కొలత ఒక్క నువ్వుగింజంత కూడా తప్పలేదు. వింటున్నదని తెలియాలి కదా అని, పాప కుడిచేతిని చెవి వెనుక దొప్పలాగా నిలిపాడు. నెలన్నరకు బొమ్మ పూర్తయి చావడికి చేరింది.

రాజుగారు, "పిల్లల చావడికి పిల్లలే తీర్పరులు" అని, వీధిలోని పిల్లలందరినీ రప్పించారు. వారిలో మాచక్క అని ఆరేళ్ల పిల్ల ఉన్నది. ఆ పిల్ల నోటికి అడ్డూ ఆపూ లేదు. బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగి, జాలిగా తల ఊపింది.

"అయ్యో పాపం! ఈ పాపకు చెముడా తాతా?"

అంతే! పిల్లలంతా బొమ్మను చుట్టుముట్టి, "ఓ పాపా! అన్నం తిన్నావా? వినబడిందా?" అని దాని చెవిలో అరవసాగారు. సింగనాచారి బొమ్మను బండి ఎక్కించుకొని వెళ్లిపోయాడు.

రెండవ రాతిని ఆయన మరింత శ్రద్ధగా పట్టుకొన్నాడు. ఈసారి చేతి జోలికి పోలేదు. ఆశ్చర్యంతో కళ్లు విప్పార్చి, నోరు తెరిపించాడు. పెదవులలో తడి మెరిసేటట్లు నునుపు చేశాడు. సంక్రాంతి వెళ్లిన మూడు వారాలకు పిల్లలు మళ్లీ వచ్చారు. మాచక్క మళ్లీ చుట్టూ తిరిగింది.

"దీనికి ఆకలి వేస్తున్నది. ఎవరైనా ఒక ముద్ద పెట్టండి!"

"కాదే! పన్ను ఊగుతున్నది. వైద్యునికి చూపిస్తున్నది!" అన్నాడు మరొక పిల్లవాడు.

రాజుగారికి కూడా నవ్వు వచ్చింది. కాని శిల్పి ముఖం చూడగానే ఆ నవ్వు ఆగిపోయింది.

"ప్రభూ! ఇంక ఒక్క రాయి మిగిలింది. అదికూడా తప్పితే నేను ఉలి దించివేస్తాను" అన్నాడు సింగనాచారి.

"అంతమాట నేను అనలేదే!"

"తమరు అనలేదు. నాకు నేనే అనుకొన్నాను."

ఆ రోజునుండి ఆయన పందిరిలో మూడవ రాతి ఎదుట కూర్చుండిపోయాడు. ఉలి తీసేవాడు, దించేవాడు. దేవుని అభయం ఆయనకు తెలుసు. సింహం గర్జన తెలుసు. వినడం ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. తెలియనిదానిని చేయి ఎలా చెక్కుతుంది? నడుమ నడుమ, ఎన్నడో విన్న అరుగుమీది కథాముక్కలు జ్ఞాపకం వచ్చేవి. వాటికి ముందూ లేదు, వెనుకా లేదు.

ఆయన భార్య పేరిందేవి నాలుగు రోజులు చూసింది. ఐదవనాడు కంచం తెచ్చి ముందు పెట్టి, నడుముమీద చేయి వేసుకొని నిలబడింది.

"ఏమండీ! ఆ రాతిని మీరు చూస్తున్నారో, మిమ్మల్ని అది చూస్తున్నదో నాకు తెలియడం లేదు. భోంచేసి, కుమ్మరివాడకు వెళ్లి ఒక కూజా తెచ్చిపెట్టండి. ఎండలు ముదురుతున్నాయి. చల్లని నీళ్లయినా తాగుదాము."

భార్య మాట కాదనలేక ఆయన కుమ్మరివాడకు వెళ్లాడు. అక్కడ కుండలు కాల్చే ఆవం పక్కన, తాటాకు చూరు నీడలో, పోలవ్వ అనే ముసలమ్మ కూర్చొని మట్టిబొమ్మలు చేస్తున్నది. ఆమెకు ఎనభై ఏళ్లు దాటాయి. ఆమె చుట్టూ పదిమంది పిల్లలు ఉన్నారు. వారి నడుమ మాచక్క కూడా ఉన్నది. ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క తడిమట్టి ముద్ద. పోలవ్వ కథ చెబుతూ ఉంటే, పిల్లలు వింటూ బొమ్మలు చేసుకొంటున్నారు.

సింగనాచారి ప్రాణం లేచి వచ్చింది. వెంటనే మొలలోని కొలతాడు తీసి, ఒక పిల్లవాని నుదుటికి ఆనించబోయాడు. పిల్లలంతా ఊపిరి బిగబట్టి, చిత్రపటానికి కూర్చొన్నట్లు బిర్రబిగుసుకొన్నారు.

"ఆ తాడు లోపల పెట్టుకో నాయనా! నువ్వు అలా చూస్తూ ఉంటే వీళ్లు కథ వినరు, నిన్ను చూస్తారు. వింటానంటే కూర్చో. లేదంటే కావలసిన కుండో కూజానో తీసుకొని వెళ్లిరా" అన్నది పోలవ్వ.

ఆయన సిగ్గుపడి కూర్చొన్నాడు. ఆమె ఆయన చేతిలోనూ ఒక మట్టిముద్ద పెట్టి, కథ అందుకొన్నది.

"ఒక చినుకు తల్లిని వెతుక్కుంటూ బయలుదేరింది. పోయి పోయి కొండమీద పడింది. అక్కడ ఒక రాతిని, 'మా అమ్మ ఇటుగా వచ్చిందా?' అని అడిగింది..."

కథ ఆగేసరికి పొద్దు వాలింది. అప్పుడు పోలవ్వ, "ఏవీ, చేతులు చూపించండి" అన్నది.

అది ఆమె పద్ధతి. కథ ఆపినప్పుడల్లా ఆమె పిల్లల చేతులు చూసేది. బొమ్మ పూర్తి చేసినవారిని మెచ్చుకొనేది కాదు. చేయడం మరచిపోయినవారిని మెచ్చుకొనేది.

పిల్లల చేతులలో కాళ్లు లేని గుర్రాలు, మెడ లేని నెమళ్లు ఉన్నాయి. సింగనాచారి అరచేతిలో మాత్రం ఒక ఏనుగు నిలబడి ఉన్నది. తొండంమీద ముడతలు, కాళ్లకు గోళ్లు, మెడలో గంట, అన్నీ ఉన్నాయి.

పోలవ్వ దానిని అటూ ఇటూ తిప్పి చూసింది. "బంగారంలాంటి ఏనుగు నాయనా. కాని నువ్వు కథ వినలేదు."

పిల్లలు ఫక్కున నవ్వారు. "తాత ఓడిపోయాడు! తాతకు రేపు మళ్లీ మొదటినుండి!" అని మాచక్క చప్పట్లు కొట్టింది.

మరునాడు ఆయన కూజా పేరు చెప్పకుండానే వచ్చాడు. పోలవ్వ ఆయన కోసం కథను మళ్లీ మొదటినుండి చెప్పింది. "వెయ్యేళ్లుగా ఇక్కడ ఉన్నాను. నన్ను ఇంతవరకు ఎవరూ ఏమీ అడగలేదు. కాస్సేపు కూర్చొని వెళ్లు" అని చినుకును రాయి బతిమాలింది. "నిలిస్తే ఎండిపోతాను. వెళ్లాలి" అని చినుకు జారిపోయింది. ఆ మాట దగ్గర సింగనాచారి వేలు ఒక్కక్షణం ఆగింది. ఆనాడు ఆయన చేసిన ఎద్దుకు చెవులు లేవు, తోక లేదు.

"ఫరవాలేదు. సగం విన్నావు" అన్నది పోలవ్వ.

మూడవనాడు చినుకు వాగులో కలిసింది. వాగు ఏటిలో కలిసింది. రాళ్లకు కొట్టుకొని, సుడులలో తిరిగి, చినుకు అలసిపోయింది. అప్పుడు దూరాన ఒక పెద్ద ఘోష వినిపించింది. ఆ ఘోష తన తల్లిదో, తనను మింగవచ్చిన భూతానిదో చినుకుకు తెలియలేదు.

సరిగ్గా అక్కడ పోలవ్వ కథ ఆపి, తాంబూలం తీసి, తీరుబడిగా ఆకుకు సున్నం రాయసాగింది.

"తరువాత?"

ఆ మాట అన్నది పిల్లలు కారు. సింగనాచారి!

పిల్లలంతా విరగబడి నవ్వారు. "తాతకు మనకంటే తొందర!" అన్నది మాచక్క. ఆయనకు ఆ నవ్వు వినబడనేలేదు. "తరువాత ఏమైంది అవ్వా? అది తల్లేనా?" అని మళ్లీ అడిగాడు.

పోలవ్వ ఆకు బుగ్గన పెట్టుకొని, చిరునవ్వు నవ్వింది. "తల్లే నాయనా. సముద్రం చినుకును ఒడిలోకి తీసుకొన్నది. 'అమ్మా! నేను వస్తున్నానని నీకు తెలుసా?' అని చినుకు అడిగింది. 'కొండమీద నువ్వు రాలిననాటినుండి నీ చప్పుడే వింటున్నానమ్మా' అన్నది సముద్రం."

సింగనాచారి కదలలేదు. ఒక కథ మొదటినుండి చివరిదాకా వినడం ఆయనకు అదే మొదటిసారి. ముఖం ఎరుగని తల్లి ఎక్కడో ఉండి, ఇన్నేళ్లుగా తన సుత్తిచప్పుడు వింటున్నట్లు తోచింది. కళ్లు చెమర్చాయి. పోలవ్వ అడగకముందే ఆయన తన చేయి చూసుకొన్నాడు.

మట్టి ముద్ద ముద్దగానే ఉన్నది. బొటనవేలు దానిలో సగం దిగి, అక్కడే ఆగిపోయి ఉన్నది. వేలి చుట్టూ మట్టి ఎండి, సన్నగా బీటలు వారింది.

ఆ ముద్దను కొంగులో బిడ్డను పెట్టుకొన్నట్లు పైపంచెలో పెట్టుకొని, ఆయన ఇంటికి వెళ్లాడు. కూజా ఆనాడు కూడా తేలేదు. భర్త ముఖం చూసి పేరిందేవి కూజా ఊసు ఎత్తలేదు.

నలభై రోజులు పందిరిలో ఉలి పాడింది. ఆయన ఈసారి చెవులను పట్టించుకోలేదు, నోటినీ పట్టించుకోలేదు.

ఉగాది వచ్చింది. చావడి పిల్లలతో, పెద్దలతో నిండిపోయింది. తెర తొలగింది.

పీఠంమీద ఒక పాప కూర్చొని ఉన్నది. ఒక కాలు మడిచి, ఒక కాలు చాచింది. తల ఒక పక్కకు వాలీ వాలనట్లు ఉన్నది. పెదవులు మూసి ఉన్నాయి. చూపు ఎదుట ఉన్న దేనిమీదా లేదు. ఎడమ అరచేతిలో ఒక మట్టిముద్ద. దానిలో సగం దిగిన కుడి బొటనవేలు. ఏదో చేయబోయి, చేస్తున్నది మరచిపోయిన చేతులు.

ఆస్థానపండితుడు మెడ సాచి చూశాడు. "ఆచారిగారూ! ఇది ఏ ముద్ర? ఈ లక్షణం ఏ గ్రంథంలోనూ నేను చూడలేదే!"

"నేను కూడా చూడలేదు పండితులవారూ" అన్నాడు సింగనాచారి. ఆయన చూపు పండితునిమీద లేదు. గుంపును తోసుకొని ముందుకు వస్తున్న మాచక్కమీద ఉన్నది.

మాచక్క ఎప్పటివలె బొమ్మ చుట్టూ తిరగసాగింది. సగం తిరిగి ఆగింది. పాప ముఖంలోకి చూసింది. అందరూ ఆ పిల్ల ఏమంటుందా అని ఎదురుచూశారు. ఆ పిల్ల ఏమీ అనలేదు. పరికిణీ సర్దుకొని, బొమ్మ ఎదుట బాసింపట్టు వేసుకొని కూర్చొన్నది. గొంతు సవరించుకొన్నది.

"ఒక ఊళ్లో ఒక ఉడుత ఉండేదట. దానికి చెట్టు ఎక్కాలంటే భయమట..." అని రాతిపాపకు కథ చెప్పడం మొదలుపెట్టింది.

ఒక్కొక్కరుగా పిల్లలు వచ్చి మాచక్క పక్కన చేరారు. పెద్దల గుసగుసలు ఆగిపోయాయి. రాజుగారు కిరీటం తీసి మంత్రి చేతికి ఇచ్చి, మెట్టుమీద కూర్చొన్నారు. పాప ముఖాన్ని తదేకంగా చూశారు.

"ఆచారిగారూ! మా అమ్మ చూసినది ఇదా?" అని అడిగారు.

"ఇదే ప్రభూ" అన్నాడు సింగనాచారి. "మీ చిన్ననాటి ముఖం నేను ఎన్నడూ చూడలేదు. కాని వినడం తెలిసింది."

ఉడుత ఇంకా మొదటి కొమ్మ అయినా చేరలేదు. శిల్పి, రాజు పక్కపక్కన కూర్చొని, ఆ పిల్ల మాట కోసం చెవి ఒగ్గారు.

కనుక పిల్లలూ! తన పనితనాన్ని మరచి, మనసు పెట్టి వినగలిగినవాని చేతిలో రాయి అయినా ప్రాణం పోసుకొంటుంది.