గుండీ పట్టని చొక్కా

హేమాద్రి గీత గీస్తే ఇక తిరుగులేదు. అలా అని హేమాద్రే అనుకునేవాడు. జుబేదా మేడమ్ దగ్గర రెండేళ్లుగా స్కాన్లు చదవడం నేర్చుకుంటున్నాడు మరి!

ఆ పొద్దున ఆరేళ్ల మస్తాన్ ఎమ్మారై స్కాన్ అతని ముందుకొచ్చింది. పుట్టుకతోనే జన్యువుల్లో తేడా ఉన్న పిల్లాడు. ఒంటినిండా టీరంగు మచ్చలు, మెడలో నరాల వెంట అల్లుకుపోయిన గడ్డ. అది పెరిగిందని తేలితే మందు మొదలుపెడతారు. లేదంటే మళ్లీ ఆరు నెలలు ఆగాల్సిందే.

హేమాద్రి గడ్డ ఈ చివర నుంచి ఆ చివరకి గీత గీశాడు. కిందటిసారి ఏడు సెంటీమీటర్లు. ఇప్పుడూ ఏడే.

“పెరగలేదమ్మా. నిశ్చింతగా వెళ్లిరండి,” అన్నాడు.

తల్లి కదల్లేదు. “మెడకాడ గుండీ పట్టటంలా సార్. మొన్న ఉగాదికి కుట్టించిన చొక్కానే. ఒళ్లు చేశాడా అంటే, అదీ లేదు.”

హేమాద్రి నవ్వుకుంటూ మేడమ్ గదిలోకి వెళ్లాడు. “మిషన్ మాట వినాలా మేడమ్, చొక్కా మాట వినాలా?”

మేడమ్ అతను రాసిన రిపోర్టు చదివి బల్లమీద పెట్టారు. క్యాంటీన్ నుంచి రెండు అల్లం కొమ్ములు తెప్పించారు. ఒకటి సన్నగా ఉంది, ఇంకోటి పిలకలేసి ఉబ్బి ఉంది.

“కొలువు.”

స్కేలు పెట్టి చూశాడు. “రెండూ ఏడే మేడమ్.”

రెండు గ్లాసుల నిండా అంచుదాకా నీళ్లు పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో కొమ్ము ముంచారావిడ. మొదటి గ్లాసు నుంచి కాసిని చుక్కలు జారాయి. రెండోది పొర్లి, బల్లమీది రిపోర్టు తడిసి ముద్దయింది.

హేమాద్రి మొహం చిన్నబోయింది. వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పాత స్కాన్, కొత్త స్కాన్ రెండూ తెరిచి, పొరపొరకీ గడ్డ అంచు చుట్టూ గీసుకుంటూ మొత్తం పరిమాణం లెక్కగట్టాడు. భోజనం మాటే మరిచాడు.

మధ్యాహ్నానికి పరుగున వచ్చాడు. “పావు వంతు పెరిగింది మేడమ్! పొడవు అంతే ఉంది, లావెక్కింది. మందు మొదలుపెట్టాలి. వాళ్లు వెళ్లిపోయారేమో!”

“ఎక్కడికీ వెళ్లలేదు. గుండీ సంగతి తేలందే కదలనని బయట బెంచీ మీదే కూర్చుంది ఆ తల్లి.”

హేమాద్రికి కళ్లు చెమర్చాయి. తడిసిన రిపోర్టు చింపేసి, కొత్త కాగితం తీసుకున్నాడు.

“మొదటి మాట ఏమని రాయను మేడమ్?”

“గుండీ పట్టడం లేదని రాయి.”