నూకాలమ్మ మంచం మీద ఇంజను

ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో నేను అటూ ఇటూ చెయ్యవచ్చు. ఈమధ్య పొయ్యి మీద పాలు పెట్టానో లేదో కూడా వెళ్ళి చూస్తే గాని తెలియడం లేదు. అయినా ఇది మా గోడ పక్కింటి సంగతి. మరిచిపోకముందే రాసేస్తున్నాను, తర్వాత మా సుగుణ ఒకసారి చదివి చూస్తుంది.

పక్కింటి నూకాలమ్మకు నలుగురు కొడుకులు. పెద్దాడు గవరయ్య, రెండోవాడు సింహాద్రి, మూడోవాడు తవిటయ్య, నాలుగోవాడు ఎర్రన్న. తమంత తెలివైనవాళ్ళు చోడవరం చుట్టుపక్కల లేరని నలుగురికీ గట్టి నమ్మకం. "మా నాలుగు బుర్రలు కలిపితే కలెక్టరు బుర్రకి సమానం" అనేవాడు గవరయ్య. ఆ మాట అన్న రోజే తాళంచెవి పోకుండా ఇంట్లో భద్రంగా పెట్టి, బయట తాళం నొక్కేసి, నలుగురూ మా వరండాలో పడుకున్నారు.

వాళ్ళ నాన్న కొన్న పాత కారు ఒకటి ఉండేది. తాబేలు వీపులా గుండ్రంగా, ఇంజను వెనకవైపు. అది కదిలి పదేళ్ళు. నూకాలమ్మ అక్క చిట్టెమ్మకు దానిమీద కన్ను. పక్కూళ్ళో కొత్త ఇల్లు కట్టుకుని, శుక్రవారం గృహప్రవేశానికి పిలవడానికి వచ్చి, బొట్టు పెడుతూనే అంది:

"ఆ కారు ఎలాగూ కదలదు గదే. నాకిచ్చెయ్యి, కోళ్ళగూడు చేసుకుంటాను."

నూకాలమ్మకు ఒళ్ళు మండింది. "అక్కా, శుక్రవారం నీ కొత్త ఇంట్లోకి ఈ కారులోనే వస్తాను. రాలేకపోతే కారు నీ కోళ్ళకే."

కొడుకులు నలుగురూ విన్నారు. అంతే. అమ్మ మాట నిలబెట్టాలని చొక్కాలు విప్పారు.

సంత దగ్గర స్కూటర్లు బాగుచేసే ఖాదరు వచ్చి చూశాడు. "ఇంజను దింపి, విప్పి, మసి కడిగి బిగించాలి. నేను పెళ్ళిబస్సు పనిలో ఉన్నాను, శుక్రవారం పొద్దున్నకి గాని రాలేను. ఈలోపు మీరే చెయ్యండి. ఇది గాలితో చల్లబడే ఇంజను, నీళ్ళు పొయ్యకండి. దుమ్ము లేనిచోట పెట్టుకోండి. నాలుగు పిస్టన్లుంటాయి, ఒకదాంతో ఒకటి కలిసిపోనివ్వకండి."

నలుగురూ ఇంజను దింపారు. గాలి కావాలి. ఇంట్లో ఉన్నది ఒకటే ఫ్యాను, అది నూకాలమ్మ మంచం పైన. ఇంకేముంది, ఇంజను మంచమెక్కింది, నూకాలమ్మ చాపమీదికి దిగింది.

"ఒరే, దానికి దిండెందుకురా?" అందావిడ.

"ఒరిగిపోతంది అమ్మా."

దుమ్ము పడకూడదు గనక దుప్పటి కప్పారు. దుప్పటి కింద గాలాడదు గనక ఎర్రన్న విసనకర్ర పట్టుకుని దుప్పట్లో దూరాడు. కాసేపటికి వాడే చెమటతో తడిసి బయటికొచ్చాడు. "ఇంజను బాగానే ఉంది, నాకే ఉడుకెత్తింది" అన్నాడు.

పప్పు గిన్నెలో కిరసనాయిలు పోసి సామాన్లన్నీ కడిగారు. మూడు రోజులు వాళ్ళింటి పప్పు దగ్గర ఎవరూ బీడీ ముట్టించలేదు.

పిస్టన్లు కలిసిపోకుండా ఉండాలంటే మనిషికొకటి పంచుకోవడమే మేలని గవరయ్య తేల్చాడు. ఒకటోది పెద్దాడికి, రెండోది రెండోవాడికి, అలా. అంతే, ఎవడి పిస్టను వాడి చంకలో. స్నానానికి అదే, సంతకి అదే. సింహాద్రి క్షవరానికి వెళ్తే మంగలి అడిగాడట, "దీనికి కూడా గొరగాలా బాబూ?" అని. తవిటయ్య, ఎర్రన్న ఎదురుపడితే చాలు, కలవకూడదని చెరో సందులోకి పారిపోయేవారు. ఒకే ఇంట్లో ఉంటూ నాలుగు మూలల కూచుని అన్నం తిన్నారు.

గురువారం పొద్దున బిగించడం మొదలైంది. పిస్టన్లు లోపలికి వెళ్ళాయి. ఆశ్చర్యం ఏమంటే, అంతవరకు అన్నీ సరిగానే ఉన్నాయి. తర్వాత మంట పుట్టించే వైర్లు తగిలించాలి. ఏడో తరగతి దాకా చదివిన తవిటయ్య కారులో దొరికిన పుస్తకం తీసి చదివాడు.

"ముందు ఒకటో దానికి మంట. తర్వాత నాలుగు. తర్వాత మూడు. ఆఖర్న రెండు."

సింహాద్రి మొహం మాడిపోయింది. "అన్నయ్య తర్వాత నేను గదా. చిన్నోడు నాకంటే ముందేటి? నేను ఆఖరా?"

"పుస్తకంలో ఉంది."

"రాసినోడికి అన్నదమ్ములు లేరేమో."

గవరయ్య గడ్డం గోక్కున్నాడు. "వాడన్నది న్యాయమేరా. ఇంట్లో ఒక వరుస, ఇంజన్లో ఒక వరుస అయితే రేపు మనని ఎవడు లెక్కచేస్తాడు? పెద్దల వరుసలోనే తగిలించండి."

ఒకటి, రెండు, మూడు, నాలుగు, వయసు ప్రకారం వైర్లు పెట్టారు. పెట్రోలు డబ్బా కిటికీ ఊచకు కట్టారు. ఇంజను చక్రానికి తాడు చుట్టి గవరయ్య లాగాడు.

ఢామ్మని పేలింది. దిండు తగలబడింది. ఫ్యాను రెక్కలు నల్లబడ్డాయి. మా గోడమీద ఆరబెట్టిన అప్పడాలన్నీ ఒక్కసారిగా వేగినట్టయ్యాయి. విసనకర్రతో మళ్ళీ దుప్పట్లో దూరిన ఎర్రన్న కనుబొమలు లేకుండా బయటికొచ్చి, "చిన్నోణ్ణి ఆఖర్న పెడితే ఇలాగే ఉంటది" అన్నాడు.

శుక్రవారం తెల్లారుతూనే ఖాదరు వచ్చాడు. వైర్లు చూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఒరే నాయనా, ఇది నిమిషానికి వందలసార్లు తిరుగుతుంది. ఒకటి, నాలుగు, మూడు, రెండు, మళ్ళీ ఒకటి. ఇందులో ముందెవరు, వెనకెవరు?"

సింహాద్రి వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాడు. మొహం వెలిగింది. "అయితే నా తర్వాత అన్నయ్య. అంటే అన్నయ్యకంటే నేనే ముందు."

ఈసారి గవరయ్య లేచాడు. "ఏట్రా, నాకంటే ముందా?"

వాళ్ళిద్దరూ చొక్కాలు పట్టుకుంటూ ఉండగా నూకాలమ్మ పట్టుచీర కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుని వచ్చింది. "మీ ముందూ వెనకలు తేలేసరికి మా అక్క కోళ్ళు కారెక్కుతాయి. ఖాదరూ, నీకు నచ్చినట్టు పెట్టు నాయనా."

ఖాదరు వైర్లు మార్చి తాడు లాగాడు. ఇంజను మంచం మీద గడగడా మొదలైంది. మంచం గదంతా గెంతింది. "ఇక ఆపి, చల్లారాక కారులో బిగించుకోండి" అని చెప్పి అతను బస్సు పనికి వెళ్ళిపోయాడు.

"ఆపితే మళ్ళీ మొదలవుతుందా?" అన్నాడు తవిటయ్య.

"ఎవరు చెప్పగలరు? పదేళ్ళకి మొదలైంది. మళ్ళీ పదేళ్ళు ఆగుతామా?" అన్నాడు గవరయ్య.

ఆపకూడదు. ఆపకుండా బిగించలేరు. ఇంకేముంది, నలుగురూ మంచాన్ని ఇంజనుతో, పెట్రోలు డబ్బాతో సహా ఎత్తి ఎడ్లబండి మీద పెట్టారు. బండికి మోకు కట్టి, వెనక కారును తగిలించారు. కారులో నూకాలమ్మను కూచోబెట్టారు. "ఇంజను ముందు, కారు వెనక. ఏ కారుకైనా ఇంతే గదా" అన్నాడు సింహాద్రి.

వీపు దగ్గర ఆ గడగడ వినేసరికి ఎడ్లకు ప్రాణం మీదికొచ్చింది. తోక లేపి పరుగు. బండి ఎగురుతుంటే, కారు ఊగుతుంటే, నూకాలమ్మ సీటు పట్టుకుని ఊళ్ళో దేవతలందరికీ మొక్కింది. ఏ బస్సూ వాళ్ళను దాటలేదు. సరిగ్గా చిట్టెమ్మ పందిరి ముందు పెట్రోలు అయిపోయింది. చప్పుడు ఆగింది, ఎడ్లు ఆగాయి.

చిట్టెమ్మ నోరు తెరుచుకుని చూసింది. పదిమంది ఎదుట ఇంకేమంటుంది, హారతి పళ్ళెం పట్టుకొచ్చింది. "సరేనే, గెలిచావు. కారు నీదే. దిగి లోపలికి రా."

నూకాలమ్మ నవ్వుతూ తలుపు తీసింది. గవరయ్య గబుక్కున మూసేశాడు.

"దిగకమ్మా. పెద్దమ్మ ఇంట్లోకి కారులోనే వస్తానన్నావు. వాకిట్లోకని అనలేదు."

"ఓరి నాయనా, ఏదో మాటకి..."

"మాటే గదా ముఖ్యం" అని మోకు విప్పి, నలుగురూ వెనకనించి ఒక్క తోపు తోశారు. మామిడాకుల తోరణం తెగింది. ద్వారబంధం విరిగింది. కారు సగం లోపల, సగం బయట బిగుసుకుపోయింది. పురోహితుడు లోపల, వంటవాళ్ళు బయట. నూకాలమ్మ నడింట్లో ఉంది గాని తలుపు తెరుచుకోదు.

చిట్టెమ్మ గోడకు చేరబడింది. "ఒరే, దీన్ని ఎలా తీస్తార్రా?"

గవరయ్య చుట్టూ ఒకసారి చూశాడు. ఆమె భుజం తట్టాడు. "బెంగపడకు పెద్దమ్మా. ఇంజను విప్పి బిగించినవాళ్ళం, ఇల్లెంత?"

అప్పటికే తవిటయ్య ఇటికలకు సుద్దతో అంకెలు వేస్తున్నాడు. ఎర్రన్న పైకెక్కి మొదటి పెంకు తీసి, "పెద్దన్నయ్యా, ఇది నీది" అని కిందికి అందించాడు.

సుగుణా, ఆరోజు నువ్వు పందిట్లోనే ఉన్నావు కదమ్మా. రెండోవాడు సింహాద్రా, సింహాచలమా? ఒకసారి పేర్లన్నీ చూసి, తప్పుంటే దిద్దు.