బ్రెయిలీ ప్రింటరు మోగిన రోజు

బొబ్బిలిలో గ్రంథాలయం మేడమీద ఆదివారాలు, కంప్యూటరును నడిపించే లినక్స్ అనే వ్యవస్థను నేర్పే దాలినాయుడు మాస్టారు, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో మెకానిక్కుగా పనిచేసి రిటైరైనవారు. ఎవరు ఎంత చిక్కులో పడినా ఆయన వాళ్ల కీబోర్డు ముట్టుకోరు. పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటారు, అంతే.

ఒక ఆదివారం, డీటీపీ సెంటరు నడుపుకునే హైమావతి తన లాప్‌టాప్ మూసేసి ఆయన వైపు తిరిగింది. ఆమె లినక్స్ ఎక్కించుకుని నెల అయింది. అన్నీ బాగానే ఉన్నాయి గాని స్కానరు పలకడం లేదు. ఇంటర్నెట్‌లో దొరికిన కమాండ్లన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చింది. పుస్తకం సగం నిండింది.

"ఇంకా ఎన్ని కమాండ్లు నేర్చుకుంటే నాకు లినక్స్ వచ్చినట్టు, మాస్టారూ?" అని అడిగింది. గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువగా ఉంది.

మాస్టారు నోటుబుక్కు తీసుకుని నాలుగు పేజీలు తిప్పి, చేతిరాత బాగుందన్నారు. తర్వాత ఈ సంగతి చెప్పారు.

ఆయనకు తెలిసిన ఒక అంధుల పాఠశాలలో సత్యవేణి అనే సోషల్ టీచరు ఉంది. ఒక యేడు పదో తరగతి తెలుగు వాచకం మారింది. కొత్తది బ్రెయిలీలో ఇంకా రాలేదు. తరగతిలో పద్నాలుగు మంది. ఎవరో ఒకరు పైకి చదివితే వినడమే తప్ప, మరిచిపోయిన చోటికి వెనక్కి వెళ్లి తడుముకుందామంటే ఆ పిల్లల చేతిలో కాగితం లేదు. స్టోరు గదిలో ఎవరో దాత ఇచ్చిన బ్రెయిలీ ప్రింటరు ఉంది. దళసరి కాగితం మీద చుక్కలు పొడుచుకుంటూ పోయే యంత్రం అది. పాతది కావడంతో కొత్త కంప్యూటరు దాన్ని గుర్తుపట్టలేదు. లినక్స్‌లో అయితే పాత యంత్రాలు కూడా నడుస్తాయని ఎవరో చెప్పగా, అంతకుముందు ఆ పేరే వినని సత్యవేణి దసరా సెలవుల్లో పూనుకుని ఎక్కించింది.

ఆ తర్వాత పన్నెండు రోజులు ఆమెది ఒకటే పని. ఇంటర్నెట్‌లో ఒక కమాండు చూసి కొట్టడం, పనిచెయ్యకపోతే ఇంకొకటి వెతకడం. ఒకసారి తెర మొత్తం నల్లబడిపోయి, అంతా మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకోవలసి వచ్చింది. ఈలోగా సెలవులు అయిపోయి పిల్లలు వచ్చేశారు. ప్రింటరు ఎప్పుడు నడుస్తుందని అడిగితే రేపని చెప్పేది. ఆమె చెప్పుల చప్పుడు వాళ్లకు బాగా తెలుసు. మళ్లీ మళ్లీ రేపని చెప్పలేక, స్టోరు గదికి వెళ్లేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని నడవడం మొదలుపెట్టింది.

ఒకరోజు ఎర్రయ్య గారు వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. ఆయన అక్కడే తెలుగు చెబుతారు. పుట్టుకతోనే చూపు లేదు. ఆమె ఒక కమాండు కొట్టి, నిట్టూర్చి, వెంటనే ఇంకొకటి కొట్టడం ఆయన విన్నారు. కంప్యూటరు బదులేమీ చెప్పడం లేదా అని అడిగారు. ఏవో ఇంగ్లీషు వరసలు వస్తున్నాయని, అవి ఎప్పుడూ వచ్చేవేనని ఆమె అంది.

"నాకు కనబడవు కదమ్మా. ఒక్కసారి చదివి పెట్టు."

ఆయన మాట తీసెయ్యలేక ఆమె మొదటి నుంచి ఒక్కొక్క వరసే చదివి తెలుగులో చెప్పసాగింది. మూడో వరసలో ఆగిపోయింది. అక్కడ ఆ ప్రింటరు పేరు, మోడల్ నంబరుతో సహా ఉంది. తీగ తగిలించిన క్షణంలోనే కంప్యూటరు దాన్ని గుర్తుపట్టింది. పన్నెండు రోజులుగా ఆ సంగతి చెబుతూనే ఉంది. ఇక మిగిలింది ఆఖరి వరస. అనుమతి లేదు అని.

ఎర్రయ్య గారు అడిగారు. "అనుమతి లేనిది ఎవరికి? ప్రింటరుకా, నీకా?"

ఆమె మళ్లీ చదివింది. తనకే. ప్రింటరు వాడుకోదగినవాళ్ల జాబితా ఒకటి ఆ కంప్యూటరులో ఉంది, అందులో ఆమె పేరు లేదు. ఎలా చేర్చాలో వెతికి చేర్చింది. అయినా ప్రింటరు కదల్లేదు. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. అయితే ఈసారి ఎర్రయ్య గారు అడగకుండానే, తను చూసిన సూచనను చివరిదాకా పైకి చదివింది. ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయితేగాని కొత్త అనుమతి అమలులోకి రాదని అడుగున రాసి ఉంది. అలాగే చేసింది.

ప్రింటరు మోగింది. చిన్న చప్పుడు కాదు, బల్ల అదిరిపోయేంత టకటక. ఆ మోత విని తరగతిలోని పిల్లలంతా గోడలు పట్టుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని స్టోరు గదికి పరుగెత్తుకొచ్చారు. మొదటి కాగితాన్ని ఎర్రయ్య గారు తడిమి చూసి పకపకా నవ్వారు. చుక్కలు ముత్యాల్లా ఉన్నాయిగాని భాష మాత్రం మనది కాదన్నారు. సత్యవేణి నవ్వుతూనే సెట్టింగుల్లో ఇంగ్లీషు మార్చి తెలుగు పెట్టింది. రెండో కాగితం మీద పద్నాలుగు మంది పేర్లూ వచ్చాయి. అది చేతులు మారుతూ గదంతా తిరిగింది. పేరు దొరికినవాళ్లు దాన్ని వదలరు, దొరకనివాళ్లు ఆగరు.

పైడితల్లి అనే అమ్మాయి తన పేరు దగ్గర వేలు ఆపి, వెనక్కి వెళ్లి మళ్లీ తడిమింది.

"మేడమ్, నా పేరులో ఒత్తు లేదు."

అంతవరకూ ఆ పిల్లలకు ఆమె ఏది చదివితే అదే పాఠం. ఇప్పుడు ఆమె తప్పు ఒక పిల్ల వేలికి దొరికింది. తన పదకొండేళ్ల ఉద్యోగంలో అంత సంతోషం కలిగించిన మాట వినలేదని సత్యవేణి తర్వాత మాస్టారుతో చెప్పింది. ఒత్తు పెట్టి ఇంకో కాగితం తీసింది. తప్పున్న కాగితాన్ని మాత్రం పైడితల్లి దాచుకుంది. అర్ధసంవత్సరం పరీక్షలనాటికి వాచకం మొత్తం పిల్లల చేతుల్లో ఉంది.

మాస్టారు చెప్పడం ఆపారు. హైమావతి ముఖంలో నవ్వు ఇంకా ఉంది. కాసేపటికి ఆమెకు ఒక సందేహం వచ్చింది.

"అయితే ఎర్రయ్య గారికి లినక్స్ బాగా వచ్చా, మాస్టారూ?"

"రాదమ్మా," అన్నారు మాస్టారు. "ఇప్పటికీ రాదు."