అద్దాల తొట్టిలో కొరమీను

అనగా అనగా ఒక రాజుగారు. ఎప్పటి రాజో నాకూ తెలీదు, నాకు చెప్పిన మా అమ్మమ్మకీ తెలీదు. ఆయనకి ముగ్గురు కొడుకులు. రాణిగారు ఎప్పుడో పోయింది. భోజనాల వేళకి నాలుగు పీటలు వాల్చేవారు. పెద్ద పీట రాజుగారిది, తక్కిన మూడూ కొడుకులవి.

ఆ రాజ్యానికి ఒక పీడ ఉండేది. ఏడు సముద్రాల అవతల దీవిలో కరాళుడని ఒక మాంత్రికుడు. ఏడాదికోసారి పొగలాగా ఆకాశంలో వచ్చేవాడు.

"రాజా! నా చేపకి తోడు వెతికిపెట్టేవాణ్ణి ఒకణ్ణి పంపు. లేదంటే నీ ఊరంతా రాయి చేస్తాను" అనేవాడు.

మొదటి ఏడు పెద్దకొడుకు వెళ్ళాడు. తిరిగి రాలేదు. ఒక పీట గోడకి చేరింది. రెండో ఏడు రెండోవాడు వెళ్ళాడు. తిరిగి రాలేదు. రెండో పీటా గోడకి చేరింది. మూడో ఏడు పొగ కనబడగానే చిన్నవాడు కువలయుడు లేచి తలపాగా చుట్టుకున్నాడు. రాజుగారు వడ్డించేవాళ్ళకేసి తిరిగాడు. కొడుకు తిన్న ఆకు తీయకండి, అలాగే ఉండనీయండి అన్నాడు, అంతే.

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు వలలో చిక్కుకుని ఉంది. కువలయుడు వల కోసి విడిపించాడు.

"ఎక్కడికి అబ్బాయ్?" అంది తాబేలు.

"ఏడు సముద్రాల అవతలికి, తాబేలు మామా."

"ఎక్కు అయితే. కాళ్ళు ముడుచుకో, సొరచేపలకి పరాచికాలెక్కువ."

ఒక సముద్రం దాటారు, రెండు సముద్రాలు దాటారు, మూడు, నాలుగు, ఐదు, ఆరు దాటారు. ఏడో సముద్రం మధ్యలో తాబేలు తల వెనక్కి తిప్పింది.

"ఒక రహస్యం చెబుతాను విను. ఆ మాంత్రికుడి ప్రాణం ఆ చేపలోనే ఉంది. చేపకి దిగులైతే వాడి గుండె బరువెక్కుతుంది. చేప చస్తే వాడూ చస్తాడు."

కువలయుడి చెయ్యి కత్తిమీదికి పోయింది.

"ఆగు! మీ అన్నలు అక్కడ రాళ్ళై పడున్నారు. వాడు చస్తే ఆ మంత్రం విప్పేవాడే ఉండడు. రాళ్ళు రాళ్ళుగానే ఉండిపోతాయి."

కువలయుడు కత్తి తీసి సముద్రంలోకి విసిరేశాడు.

దీవిలో ఒక్క పిట్ట లేదు. ఏడంతస్తుల మేడ ఉంది. మేడ ముందర ఏడు ఏనుగులు పట్టేంత అద్దాల తొట్టి ఉంది. తొట్టిలో నల్లటి కొరమీను, తాటిదుంగంత. దాని చుట్టూ రాళ్ళు. అది అద్దం దగ్గరకొచ్చి తన నీడనే చూసుకుంటోంది, మళ్ళీ వెనక్కి పోతోంది, మళ్ళీ వస్తోంది.

మాంత్రికుడు గుండెమీద చెయ్యి పెట్టుకుని మెట్లు దిగి వచ్చాడు.

"మీ పెద్దన్న నూరు బంగారు చేపపిల్లల్ని తెచ్చాడు. ముద్దుగా ఉన్నాయి. గడియలో అన్నీ మింగేసింది. మీ రెండో అన్న తెలివైనవాణ్ణన్నాడు. దీనంతే ఉన్న ఇంకో కొరమీనుని తెచ్చాడు. రెండూ కొట్టుకున్నాయి. వచ్చింది చచ్చింది, నా దానికి ఒక కన్ను పోయింది. నువ్వు తెచ్చింది పదిహేను రోజులు దీనితో కలిసి బతకాలి. బతికితే అందర్నీ విడిచిపెడతాను. లేదంటే నువ్వూ ఒక రాయివి."

"మూడు రోజులు ఊరికే చూస్తానయ్యా" అన్నాడు కువలయుడు.

"చూడ్డానికేముంది? అన్నీ మింగుతుంది, అంతే" అని మాంత్రికుడు ఏడో అంతస్తుకి ఎక్కిపోయాడు.

తొట్టి పక్కన ఒక పలకరాయి ఉంది. కువలయుడు దానిమీద కూర్చున్నాడు. మాట్లాడేందుకు ఎవరూ లేరు. ఎంతసేపని నోరు మూసుకుంటాడు? ఆ రాతితోనే మాట్లాడటం మొదలుపెట్టాడు.

"నీకు చలెయ్యదా?" అని అడిగాడు. రాయి పలకలేదు.

మొదటిరోజు తొట్టిలో నిమ్మకాయ వేశాడు. కొరమీను గుటుక్కున మింగింది. రెండోరోజు కొబ్బరికాయ వేశాడు. నోట్లో పెట్టుకుని తిప్పి తిప్పి ఉమ్మేసింది. మూడోరోజు పెద్ద గుమ్మడికాయ వేశాడు. కొరమీను వచ్చి ఒకసారి పొడిచింది, చుట్టూ తిరిగింది, ఊరుకుంది.

"చూశావా! గుమ్మడికాయంతవాడు కావాలి" అన్నాడు రాతితో. "ఇంకోటి చూశావా? అది ఉండేది నడుమ నీళ్ళలో. పైన ఎవరూ లేరు. అడుగున ఎవరూ లేరు. దాని ఎంగిలంతా అడుగున కుళ్ళిపోతోంది." సముద్రంకేసి తిరిగి మళ్ళీ అడిగాడు. "మా నాన్న అన్నం తిన్నాడంటావా?" రాయి పలకలేదు.

కువలయుడు అడిగితే తాబేలు ఏరు సముద్రంలో కలిసేచోటికి, ఏటి మొగదాకా వెళ్ళి కబురు పెట్టింది. గుమ్మడికాయకి రెండింతల తలతో ఒక బొచ్చెచేప వచ్చింది. మీసాలు మెలేసుకుంటూ ఒక పెద్ద జెల్లచేప వచ్చింది.

"ఆ కొరమీనుగాడు నన్ను మింగుతాడా?" అంది బొచ్చె.

"నీ తల వాడి నోట పట్టదు. నువ్వు పైనే ఉండు, పై నీళ్ళన్నీ నీవే" అన్నాడు కువలయుడు.

"నా వీపుమీద ముల్లుంది, నాకు భయమేంటి? వాడి ఎంగిలి చాలు నాకు" అంది జెల్ల. "కానీ బాబూ, నెత్తిన కప్పు లేకపోతే నాకు నిద్ర పట్టదు. అదిగో, నువ్వు కూర్చున్న ఆ పలకరాయి ఇప్పించు."

కువలయుడు వెంటనే లేవలేదు. ఆ దీవిలో అతనికున్న తోడల్లా అదొక్కటే. నిమురుతూ చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత మెల్లగా దొర్లించి తొట్టిలో దించాడు. దానితోపాటు లోపలి రాళ్ళన్నీ ఒక్కొక్కటే ఎత్తి చోట్లు మార్చేశాడు. ఏది అన్నో, ఏది కాదో తెలీదు కదా, అందుకని అన్నిటినీ పదిలంగానే ఎత్తాడు. కొరమీను వచ్చి చూసుకుంటే పాత ఇల్లు లేదు. ఇది నాది, అది నాది అనడానికి ఏమీ మిగల్లేదు.

దానికి కడుపునిండా మేత వేశాడు. బొచ్చెనీ జెల్లనీ వెదురు బుట్టల్లో పెట్టి తొట్టిలో దించాడు. మొదటిరోజు కొరమీను బుట్టల్ని దబదబా పొడిచింది. రెండోరోజు చుట్టూ తిరిగింది. మూడోరోజు పక్కనే నిలబడి చూసింది. అప్పుడు బుట్టలు తెరిచాడు.

పదిహేను రోజులు కువలయుడు వట్టి నేలమీద కూర్చున్నాడు. అడగడానికి రాయి కూడా లేదు. బొచ్చె పైన, కొరమీను నడుమ, జెల్ల అడుగున. అవేమీ చెట్టపట్టాలేసుకోలేదు. ఎవరి చోటు వారిది. కానీ కొరమీను అద్దంలో నీడని చూసుకోవడం మానేసింది. పదిహేనో రోజు సాయంత్రం కొరమీను వచ్చి జెల్ల ఇంటి కప్పుమీద గడ్డం ఆనించి పడుకుంది.

మేడమీంచి మాంత్రికుడు దిగివచ్చాడు. అతని చెయ్యి గుండెమీద లేదు.

"తేలికగా ఉందిరా అబ్బాయ్" అన్నాడు, మంత్రం విప్పాడు.

నీళ్ళలోంచి పెద్దన్న లేచాడు. రెండో అన్న లేచాడు. ముక్కులోంచి నీళ్ళు చీదుతూ ఎన్నేళ్ళ కిందట రాయైందో, పేరమ్మ అనే ముసలి వంటమనిషి లేచింది. పలకరాయి వకుళ అనే రాకుమారి అయింది. తనకి తోడుకోసమని మాంత్రికుడు ఎత్తుకొచ్చిన పిల్ల, భయపడి ఏడిస్తే రాయి చేశాడు. కువలయుడు చెయ్యందించాడు. ఆమె అద్దం అంచు దాటి వచ్చి అతనికేసి చూసింది.

"చలేస్తుంది" అంది.

"ఏమిటీ?"

"అడిగావుగా. చలేస్తుంది. మీ నాన్న అన్నం తినుండడు. త్వరగా పద."

అందరూ ఒడ్డుకి బయలుదేరారు. మాంత్రికుడు మెట్లమీద కూలబడ్డాడు.

"అందరూ వెళ్ళిపోతారా?"

కువలయుడు ఆగాడు. "నువ్వు తెచ్చుకున్నవాళ్ళంతా నిన్ను చూసి వణికేవాళ్ళేనయ్యా. నీ నోట పట్టనివాళ్ళు నీకు కావాలి."

పేరమ్మ కొంగు పిండుకుంటూ అంది, "నావాళ్ళెవరూ ఇప్పటిదాకా బతికుండరు. నేనుంటాను. ఇదిగో అబ్బాయ్, కింది అంతస్తు నాది, పైది నీది. నా వంటింట్లో అడుగుపెట్టావంటే గరిటె తిరగేస్తాను."

"రానమ్మా, రాను" అన్నాడు ఏడు లోకాల్ని వణికించిన కరాళుడు.

పేరమ్మ మొట్టమొదట చేసిన పని, ఇల్లు పోయి బిక్కమొహం వేసిన జెల్లకి కప్పుగా ఒక పెద్ద కాగు బోర్లించడం.

తాబేలు నలుగుర్నీ ఎక్కించుకుని, బరువని సణుక్కుంటూ ఏడు సముద్రాలూ దాటించింది. భోజనశాలలో రాజుగారు ఎండిపోయిన విస్తరాకు ముందు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ముగ్గురు కొడుకులూ లోపలికొచ్చారు. ఆయనే లేచి, గోడ దగ్గరి పీటలు వాల్చాడు. వకుళని చూసి ఇంకోటి వాల్చాడు. ఆ నెలలోనే పెళ్ళి.

తరవాత కువలయుడూ వకుళా ముసలివాళ్ళయ్యేదాకా రాజ్యం ఏలారు. ఏడాదికోసారి తాబేలు వీపుమీద ఆ దీవికి ఒక గుమ్మడికాయ పంపేవారు, పోయినేటికన్నా కాస్త పెద్దది. చేప పెరుగుతుంది కదమ్మా, నోరూ పెరుగుతుంది. చూసుకుంటూ ఉండాలి.

కథ ఏటి మొగదాకా వచ్చింది, నీళ్ళలో దిగిపోయింది. మీరూ లేవండి, పీటలు వాల్చండి.