ఇన్నాసమ్మ మనవి

అనగా అనగా, పల్లెల్లోకి పిండిమర ఇంకా అడుగుపెట్టని రోజుల్లో, పూసలమిట్ట అనే ఊళ్ళో ఇన్నాసమ్మ అని ఒకావిడ ఉండేది. తిరగళ్ళకు కక్కు కొట్టడం ఆమె పని. తిరగలి తిరిగి తిరిగి రాయి నున్నబడిపోతుంది కదా, అప్పుడు గింజ నలగదు, జారిపోతుంది. ఉలితో చిన్న చిన్న గంట్లు పెడితే రాయికి మళ్ళీ పళ్ళొస్తాయి. అదే కక్కు కొట్టడమంటే. ముందు ఆ పని ఆమె మొగుడు చేసేవాడు. ఆయన పోయాక ఉలీ సుత్తీ ఆమె చేతికొచ్చాయి.

"కక్కు కొడతానమ్మా, తిరగళ్ళకు కక్కు కొడతాను" అని కేకేసుకుంటూ వీధి వీధీ తిరిగేది. ఒక పెరట్లో కూర్చుంటే పూట పట్టేది. ఆమె పని చేసుకుంటూంటే ఆ ఇంటి ఆడవాళ్ళు పక్కన చేరి ఎవరితోనూ అననివన్నీ ఆమెతో అనేవాళ్ళు. ఆమె తలెత్తేది కాదు. ఊఁ కొడుతూ, ఉలి కొడుతూ వినేది. అలా ఊళ్ళో బాధలన్నీ ఆమె చెవిన పడేవి.

ఆ ఊళ్ళో పునీత అంతోనివారి గుడి ఉంది. దానికి జోజప్ప స్వాములని ఒక గురువు కొత్తగా వచ్చాడు. వచ్చి చూస్తే పూజ చెప్పేది తనే, బైబిలు పఠనం చదివేది తనే, పాట ఎత్తుకునేది తనే. జనం పెళ్ళికొచ్చిన చుట్టాల్లా కూర్చుని చూస్తున్నారు. ఆయనకది నచ్చలేదు.

ఒక ఆదివారం ఆయన అడిగాడు. "ఇది నా ఒక్కడి పూజ కాదు, మనందరిదీ. పఠనం చదవడానికి ఎవరొస్తారు?" పిల్లలకు జపాలు నేర్పే ఉపదేశి చిన్నప్ప లేచాడు.

రెండో ఆదివారం అడిగాడు. "పాట ఎత్తుకోవడానికి ఎవరొస్తారు?" నాట్లలో పాడే ఆడపిల్లలు నలుగురు లేచారు.

మూడో ఆదివారం అడిగాడు. "మనవులు చెప్పడానికి ఎవరొస్తారు?"

మనవులంటే, ప్రసంగం అయ్యాక ఒకరు ముందు నిలబడి అందరి తరఫునా దేవుణ్ణి అడగాలి. ఒక్కొక్కటి అడిగినప్పుడల్లా జనమంతా "ప్రభువా, మా మనవి ఆలకించండి" అనాలి. ఊరందరి ముందూ నోరు తెరిచి అడగాలంటే అందరికీ బెరుకే. ఎవరూ లేవలేదు. చివరికి వెనక చాప మీంచి ఇన్నాసమ్మ లేచింది.

"నాకు చదువు రాదు స్వామీ. అడగడం వచ్చు" అంది.

జనం నవ్వారు. స్వాములు నవ్వలేదు. "అది చాలమ్మా" అన్నాడు.

ఆ వారమంతా ఉపదేశి చిన్నప్ప కాగితంలోని మనవులు ఆమెకు వల్లె వేయించాడు. రోమాపురిలో పోపుగారి కోసం, దేశాన్ని ఏలే నాయకుల కోసం, లోకశాంతి కోసం. ఇన్నాసమ్మ ఉలి కొడుతూ అవే అనుకుంది. తీరా ఆదివారం వచ్చి ముందు నిలబడేసరికి అన్ని కళ్ళు తన మీదే. ఒక్క ముక్క గుర్తు లేదు. నిన్న ఎవరి పెరట్లో కూర్చుందో అది మాత్రం గుర్తుంది.

"తండ్రీ, మన బాలమ్మ గేదె మూడు రోజులుగా కనపడటంలేదు. ఆమెకు ఉన్నది అదొక్కటే. అది దొరికేలా చూడండి" అంది.

ముందు చిన్నపిల్లలు నవ్వారు, తర్వాత పెద్దవాళ్ళు. నవ్వుతూనే, "ప్రభువా, మా మనవి ఆలకించండి" అన్నారు. పూజ అయ్యాక పదిమంది తలో దిక్కుకీ వెళ్ళారు. మధ్యాహ్నానికల్లా గేదె ఆముదం చేలో దొరికింది.

ఆ పై ఆదివారం కాగితం మళ్ళీ మరిచిపోయింది. "తండ్రీ, ముసలి తోమాసుకు చూపు ఆనడంలేదు. వండుకున్న అన్నం ఉడికిందో పలుకుగా ఉందో తెలియక తింటున్నాడు" అంది. "ప్రభువా, మా మనవి ఆలకించండి" అన్నారు జనం. ఆ రోజు నుంచి తోమాసు గుమ్మంలో పూటకో అన్నం గిన్నె వచ్చి వాలేది.

ఇక ఆమెకు కాగితం ఎవరూ వల్లె వేయించలేదు. దూరపు మనవులు చిన్నప్ప చదివేవాడు, ఊరి మనవులు ఇన్నాసమ్మ చెప్పేది. ఆదివారం వస్తుందంటే ఆమెకు ఉత్సాహంగా ఉండేది. కొంచెం గర్వంగా కూడా ఉండేది. అక్కడే పొరపాటు జరిగింది.

ఆ ఊళ్ళో శౌరయ్య, మరియన్న అని ఇద్దరు అన్నదమ్ములున్నారు. పెద్దవాడు శౌరయ్య గుడి పెద్ద. వాళ్ళు వేరుపడిన రోజున అన్నీ పంచుకున్నారు కానీ తల్లి తిరగలి దగ్గర పట్టు పట్టారు. నాకంటే నాకన్నారు. చివరికి పైరాయి అన్న ఎత్తుకుపోయాడు, కిందిరాయి తమ్ముడు ఎత్తుకుపోయాడు. పైరాయి అన్న ఇంట్లో గాదె మూత మీద బరువైంది. కిందిరాయి తమ్ముడింట్లో కాళ్ళు కడుక్కునే బండైంది. పదకొండేళ్ళు ఇద్దరికీ మాటల్లేవు. ఇద్దరి పెళ్ళాలూ పిండి కావాలంటే పొరుగు ఇళ్ళకు వెళ్ళి విసురుకొచ్చేవాళ్ళు.

ఒక రోజు శౌరయ్య భార్య లూర్దమ్మ పొరుగింట్లో తిరగలి తిప్పుతూ, అప్పుడే దానికి కక్కు కొట్టి లేచిన ఇన్నాసమ్మతో అంది. "మా మరిది కూతురు రోజమ్మకు పెళ్ళి కుదిరిందట. నా చేతుల్లో పెరిగిన పిల్ల. పెళ్ళికి నేను వెళ్ళలేను, ఆ పెళ్ళి పిండి నేను విసరలేను." అని కళ్ళు తుడుచుకుంది. ఇన్నాసమ్మ ఊఁ కొట్టింది.

ఆదివారం ముందు నిలబడి గట్టిగా చెప్పేసింది. "తండ్రీ, మన శౌరయ్యగారూ మరియన్నగారూ తల్లి తిరగలిని రెండు చేసుకుని కూర్చున్నారు. లూర్దమ్మగారు ఏడుస్తోంది. వాళ్ళకు బుద్ధి చెప్పండి."

ఈసారి జవాబు రాలేదు. ఎవరూ నవ్వలేదు కూడా. లూర్దమ్మ కొంగు ముఖానికి కప్పుకుంది. శౌరయ్య కండువా దులిపి బయటికి నడిచాడు.

పూజ అయ్యాక స్వాముల దగ్గరికి వచ్చి అన్నాడు. "నా ఇంటి గుట్టు గుళ్ళో పెట్టింది. ఆమె అక్కడ నిలబడితే నేను గుడి గడప తొక్కను."

స్వాములు ఇన్నాసమ్మను పిలిచాడు. "కొన్నాళ్ళు ఊరుకో తల్లీ" అన్నాడు.

"నేను అబద్ధం చెప్పలేదుగా స్వామీ."

"చెప్పలేదు. లూర్దమ్మను అడిగి చెప్పావా?"

ఇన్నాసమ్మ బుద్ధి చెప్పమని అడిగింది ఎవరికో, అది వచ్చి తగిలింది తనకు. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. మర్నాడు తిన్నగా శౌరయ్య ఇంటికి వెళ్ళింది. లూర్దమ్మ చేతులు పట్టుకుంది.

"మీరు నాకు చెప్పుకున్నారు, నేను ఊరికి చెప్పాను. తప్పయింది లూర్దమ్మగారూ."

లూర్దమ్మ "ఆ మాట దేవుడికి చేరాలనే నాకూ ఉంది. నా పేరు లేకుండా చేరితే బాగుండేది" అంది.

వసారాలో మంచం మీద శౌరయ్య అటు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నారు. ఇన్నాసమ్మ గడప దాటుతుంటే అటు తిరిగే అన్నాడు. "నువ్వు చెప్పింది అబద్ధమైతే నాకింత కోపం వచ్చేది కాదు."

పెళ్ళి కుదిరితే గుళ్ళో మూడు ఆదివారాలు చాటింపు వేస్తారు. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పుకోమంటారు. రోజమ్మ పెళ్ళికి ఒకటో చాటింపు అయింది. ఇన్నాసమ్మ వెనక చాప మీద కూర్చుంది. చిన్నప్ప కాగితం చదివాడు. జనం నిద్రమత్తులో ఉన్నట్టు "ప్రభువా, మా మనవి ఆలకించండి" అన్నారు. రెండో చాటింపు అయింది. చిన్నప్ప కాగితం చదివాడు. సగం మంది అన్నారు, సగం మంది అనలేదు. పెరళ్ళలో విన్న బాధలన్నీ ఇన్నాసమ్మ గుండెలో రాళ్ళలా పేరుకుంటున్నాయి. కానీ నోరు తెరవలేదు.

మూడో ఆదివారం వచ్చింది. ప్రసంగం అయ్యాక స్వాములు మూడో చాటింపు వేసి, "ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అన్నాడు.

మగవాళ్ళ వరసలోంచి శౌరయ్య లేచి నిలబడ్డాడు.

తలలన్నీ అటు తిరిగాయి. మరియన్న ముఖం పాలిపోయింది. రోజమ్మ తన తల్లి చేయి గట్టిగా పట్టుకుంది.

"అభ్యంతరం కాదు స్వామీ" అన్నాడు శౌరయ్య. "మనవి."

"మనవుల వేళ ఇంకా రాలేదు శౌరయ్యగారూ."

"అందాకా కూర్చుంటే మళ్ళీ లేవలేను."

స్వాములు తలూపాడు. శౌరయ్య గొంతు సవరించుకున్నాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. చివరికి వెనక్కి తిరిగి, "ఇన్నాసమ్మా, నాకు చేతకావడంలేదు. నువ్వు చెప్పు" అన్నాడు.

ఇన్నాసమ్మ లేచి ముందుకొచ్చింది. వెంటనే మొదలుపెట్టలేదు. "చెప్పమంటారా పెద్దయ్యా?" అని అడిగింది. శౌరయ్య ఊఁ అన్నాడు. "చెప్పమంటారా లూర్దమ్మగారూ?" లూర్దమ్మ తలూపింది. "చెప్పమంటారా చిన్నయ్యా?" మరియన్న కండువాతో కళ్ళొత్తుకుంటూ చెయ్యెత్తాడు, చెప్పమన్నట్టు.

అప్పుడు అడిగింది. "తండ్రీ, ఒక తిరగలి పదకొండేళ్ళుగా రెండిళ్ళల్లో ఉంది. రెండిళ్ళూ పిండికి పొరుగిళ్ళకే పోతున్నాయి. పెళ్ళి దగ్గరకొచ్చింది. ఆ రాళ్ళను కలపండి."

"ప్రభువా, మా మనవి ఆలకించండి" అన్నారు జనం. ఎంత గట్టిగా అన్నారంటే, దూలాల మీది పావురాలు లేచి గుడంతా ఒక చుట్టు చుట్టాయి.

పూజ అయ్యాక కొత్త చిక్కొచ్చింది. పైరాయి కిందిరాయి దగ్గరికి వెళ్ళాలా, కిందిరాయి పైరాయి దగ్గరికి రావాలా? ఎవరి రాయి ముందు కదిలితే వాళ్ళు తగ్గినట్టు. అన్న తరఫున కొందరు, తమ్ముడి తరఫున కొందరు గుడి ముందే వాదించుకున్నారు.

ఇన్నాసమ్మ విని విని విసిగిపోయింది. "రెంటినీ గుడి అరుగు మీదికి తెండి. కక్కు కొట్టాల్సింది నేను. రెండిళ్ళకు తిరగడం నావల్ల కాదు" అంది.

అంతే, అన్న పైరాయి తెచ్చాడు, తమ్ముడు కిందిరాయి తెచ్చాడు. ఇన్నాసమ్మ గుడి అరుగు మీద కూర్చుని రెంటికీ గంట్లు పెట్టింది. లూర్దమ్మ ఒక పక్క, తోడికోడలు ఒక పక్క కూర్చుని ఒకే పిడి పట్టుకుని తిప్పారు. రోజమ్మ పెళ్ళి పిండి అక్కడే పడింది. పక్కనే నిలబడి చూస్తున్న స్వాములవారి నల్లటి అంగీ మోకాళ్ళ దాకా తెల్లబడింది.

ఆ తర్వాత ఇన్నాసమ్మ చాలా ఏళ్ళు మనవులు చెప్పింది. చెప్పేముందు ఎప్పుడూ అడిగేది, "గుళ్ళో చెప్పమంటావా?" అని. వద్దంటే ఆ మాట ఆమె దగ్గరే ఉండిపోయేది.

ఒక ఎండాకాలం ఆమె కన్నుమూసింది. నా అనేవాళ్ళు లేరు. జోజప్ప స్వాములు అప్పటికే వేరే ఊరు వెళ్ళిపోయాడు, కొత్త గురువు వచ్చాడు. ఆమె భూస్థాపన పూజలో ఆయన, పుస్తకంలో ఉన్న మనవులన్నీ చదివి పేజీ తిప్పబోయాడు. అప్పుడు బాలమ్మ లేచింది.

"తండ్రీ, ఇన్నాసమ్మ బతుకంతా గొంతుక్కూర్చుని పని చేసింది. అక్కడ పీట వేసి కూర్చోబెట్టండి."

"ప్రభువా, మా మనవి ఆలకించండి."

నడుము వంగిన శౌరయ్య లేచాడు. "ఆమెను ఒకసారి గుళ్ళో నోరు మూయించాను. ఆమె మనసులో పెట్టుకోలేదు. మీరూ పెట్టుకోకండి."

"ప్రభువా, మా మనవి ఆలకించండి."

అత్తవారింటి నుంచి వచ్చిన రోజమ్మ చంకలో బిడ్డతో లేచింది. ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. కొత్త గురువు పుస్తకం మూసి కూర్చున్నాడు. మనవులు అయ్యేసరికి ఎండ తగ్గి సమాధుల తోటలోకి నీడ వచ్చేసింది.

ఇప్పటికీ పూసలమిట్ట గుళ్ళో కాగితం మనవులు అయ్యాక కాసేపు మౌనంగా ఉంటారు. ఆ మౌనంలో ఎవరో ఒకరు లేచి, ఊళ్ళో ఒకరి కోసం మామూలు మాటల్లో ఒక మనవి చెబుతారు. దాన్ని ఇన్నాసమ్మ మనవి అంటారు. కొత్తగా వచ్చిన గురువులకు ఈ సంగతి ముందే చెప్పి పెడతారు, తొందరపడి పేజీ తిప్పకుండా.

ఆ చుట్టుపక్కల ఎవరైనా మనసులో ఏదో పెట్టుకుని ముభావంగా తిరుగుతుంటే, పక్కన కూర్చున్నవాళ్ళు మెల్లగా ఒక మాట అడుగుతారు. "ఇన్నాసమ్మ చెవిన వేశావా?"