పక్కింటి నిప్పు

ఈ కథ నాకు మొదట చెప్పింది పరుపులు కుట్టే లాలప్ప. లాలప్ప ముత్తాత ఈ కథలోని గురువు దగ్గర దూది ఏకినవాడు, కాబట్టి ఇది గాలికబురు కాదు.

కొండకింద పల్లెలో ఖాదరప్ప అనే దూదేకుల గురువు ఉండేవాడు. జనం ఆయన్ని తాత అనేవాళ్ళు. పగలంతా దూది ఏకేవాడు. సాయంత్రం తన దగ్గరికి వచ్చినవాళ్ళకు రెండు మాటలు చెప్పేవాడు. రెండే. మూడో మాట అడిగితే దూది ఏకే విల్లు తీసుకుని మళ్ళీ పనిలో కూర్చునేవాడు.

ఆయన శిష్యుల్లో దస్తగిరి అని ఒకడు. మంచి పనిమంతుడు. ఎవరి సొమ్మూ తాకడు, ఎవరి సాయమూ కోరడు. మూట ఎత్తడానికి కూడా మనిషిని పిలవడు. గోడకు ఆనించి, కిందామీదా పడి, తానే నెత్తికెక్కించుకుంటాడు. అది తనకున్న గొప్ప గుణమని అతని నమ్మకం.

ఒకనాడు అతనికి కబురొచ్చింది. గుండ్లకొండ దర్గాలో ఉంటున్న అన్నకు జబ్బు చేసింది. మంచం దిగడం లేదు. తమ్ముణ్ణి చూడాలని కలవరిస్తున్నాడు.

గుండ్లకొండ దగ్గర కాదు. ఆ దర్గా ఉరుసుకు పోయే జనం బండ్లు కట్టుకుని అమావాస్య దాటాకే కదులుతారు. అన్న అప్పటిదాకా ఉంటాడో ఉండడో. ఇప్పుడే ఒంటరిగా బయల్దేరితే ఆఖరి చూపైనా దక్కొచ్చు. అయితే దస్తగిరికి ఒక భయం ఉంది. పోయిన ఎండాకాలం ఇదే దావన ఒంటరిగా పోయి, చింతలపల్లె దగ్గర పడిపోయాడు. ఎవరిదో బండిలో, ఒళ్ళు తెలియకుండా తిరిగొచ్చాడు. వడదెబ్బ అని చెప్పుకున్నాడు. అందరూ నమ్మారు.

తాత దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"తాతా, ఒంటరిగా పోవాల్నా, జనం కోసం ఆగాల్నా? నువ్వే చెప్పు."

తాత విల్లు పక్కన పెట్టి, గడ్డానికి అంటుకున్న దూది దులుపుకున్నాడు.

"ఆకలైతాంది. ముందు సంగటి చెయ్యి. పక్కింట్లో నిప్పు అడిగి తీసుకురా."

దూది ఏకే ఇంట్లో పని నడిచినంతసేపూ పొయ్యిలో నిప్పు ఉంచరు. ఎగిరే పీచు అంటుకుందంటే ఇల్లే పోతుంది. పని ముగిశాక పక్కింటి నుంచి నిప్పు తెచ్చుకుని పొయ్యి రాజేస్తారు. దూదేకులవాళ్ళ వీధుల్లో అదొక మర్యాద.

తాతకు పక్కిల్లు కుమ్మరి ఓబుళమ్మది. ఆరబెట్టిన దూదిని ఆమె కోళ్ళు తొక్కాయని దస్తగిరి ఒకసారి రాయి విసిరాడు. ఓబుళమ్మ ఊరుకునే మనిషి కాదు, వీధంతా వినబడేలా కడిగేసింది. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. దస్తగిరి ఒక చెకుముకి రాయి సంపాదించుకుని, ఆ గడప తొక్కకుండా నెగ్గుకొస్తున్నాడు.

ఇప్పుడూ అంతే చేశాడు. పెరట్లోకి పోయి రాయి కొట్టాడు, ఊదాడు, పొయ్యి వెలిగించాడు.

తాత చెంబుతో నీళ్ళు తెచ్చి పొయ్యిలో పోశాడు. ముఖంలో కోపం లేదు.

దస్తగిరి తడిసిన పుల్లలు తీసేసి, పొడివి పేర్చి, మళ్ళీ వెలిగించాడు. తాత మళ్ళీ నీళ్ళు పోశాడు.

"తాతా, యాడిదైతే ఏముంది? నిప్పు నిప్పే కదా!"

"నేను అడిగింది పక్కింటిది."

దస్తగిరి వెళ్ళాడు. ఓబుళమ్మ వాకిట్లో కూర్చుని, పచ్చికుండ అడుగు చెక్కతో తడుతోంది. తల ఎత్తి చూసింది.

"ఏమప్పా, మా కోళ్ళు ఎన్నుండాయో లెక్కబెట్టను వచ్చినావా?"

అతను వాకిలి అంచునే ఆగిపోయాడు.

"నోరు ఇంట్లో పెట్టి వచ్చినట్టుండావే! నీకు అలవాటే లే. చింతలపల్లె నా పుట్టిల్లు, తెలుసునా? ఆడ బావిగట్టు మీద కూర్చోని, ఆడోళ్ళు నీళ్ళు చేదుతాంటే ఊరికే చూసినావంట. నీళ్ళు కావాల్నేమో, అడుగుతాడేమోనని మా వదిన నిలబడిందంట. నువ్వేమో మొగం తిప్పుకున్నావంట. ఆయమ్మ కడవ ఇంట్లో దించి వచ్చేలోగా నువ్వు పడిపోయి ఉండినావంట. అది వడదెబ్బనా అప్పా?"

దస్తగిరి వెనక్కి తిరిగి పోబోయాడు. అవతల అరుగు మీద తాత కూర్చుని ఇటే చూస్తున్నాడు.

"నిప్పు కావాల" అన్నాడు, నేలకేసి చూస్తూ.

"ఎవురికి?"

దస్తగిరి తలెత్తి ఆమె వైపు చూశాడు.

"నాకే. రవ్వంత నిప్పియ్యి పెద్దమ్మా."

ఓబుళమ్మ లేచి లోపలికి పోయి, కుండపెంకులో నిప్పులు తెచ్చింది. "పెంకు కాలుతాది, కింద గుడ్డ పెట్టుకో" అంది.

పొయ్యి రాజుకుంది. సంగటి ఉడికింది. ఇద్దరూ తిన్నారు. చెయ్యి కడుక్కుంటూ తాత అన్నాడు:

"జనంతో పోయేవాడు ఎవర్నీ అడగాల్సిన పని లేదు. ఒంటరిగా పోతే, ఆ దావలో ప్రతి గడపా ఓబుళమ్మదే. పోతావో, ఆగుతావో, నువ్వే చూసుకో."

దస్తగిరి గిన్నెలు కడిగి బోర్లించాడు. తర్వాత లేచి, తాత చేతులు కళ్ళకద్దుకుని, మూట భుజానికి వేసుకుని వీధిలోకి వచ్చాడు. ఓబుళమ్మ వాకిట్లో ఆగాడు. ఆ దావ అతనికి తెలియనిది కాదు.

"పెద్దమ్మా, చింతలపల్లెకు ఎట్ల పోవాల?" అని అడిగాడు.

గుండ్లకొండలో ఇప్పుడు ఈ కథ చెప్పేవాళ్ళు, దస్తగిరి అమావాస్య దాకా ఆగి జనంతో వచ్చాడనీ, అప్పటికే అన్న మట్టిలో ఉన్నాడనీ చెబుతున్నారు. అబద్ధం. ఒంటరిగానే పోయాడు. అడిగి తాగాడు, అడిగి తిన్నాడు, అడిగి పడుకున్నాడు. అన్న కళ్ళు తెరిచి ఉండగానే చేరాడు. ఈ సంగతి నేను కబురంపితే వాళ్ళు లెక్కచెయ్యలేదు. ఆ అవమానం నేను మరిచిపోలేదు. ఆ వైపు పోయేవాళ్ళెవరైనా ఉంటే, ఆ గుండ్లకొండవాళ్ళ చేత ఈ కథ సరిగా చెప్పించి రండి.