అప్పలనరసమ్మ కొబ్బరి మొక్కలు

అనగనగా అంటే మరీ పాతకాలం కాదులే చిట్టీ, నా చిన్నప్పుడే. ఉద్దానంలో, సముద్రం పక్కన ఒక ఊళ్ళో అప్పలనరసమ్మ ఉండేది. ఆవిడ మా అమ్మ. మాకు ముప్పై కొబ్బరిచెట్ల తోట, ఓ పెంకుటిల్లు ఉండేవి. కడుపునిండా తినేవాళ్ళం.

అప్పుడు మా అయ్యకి జబ్బు చేసింది. మందుల కోసం ముందు సగం తోట అమ్మాం. ఆ తర్వాత మిగతా సగం. ఆ తర్వాత ఇల్లు. అయినా అయ్య దక్కలేదు.

మేం పాకలోకి మారాం. అమ్మ జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళింది. జీడి రసం తగిలి వేళ్ళు కాలి నల్లబడేవి. అన్నం కలుపుకుంటే మంట. అందుకని నేనే కలిపి ముద్దలు పెట్టేదాన్ని. అలా మూడేళ్ళు కష్టపడి ఒక ఆవుని కొంది. మళ్ళీ ఇంట్లో పాలూ పెరుగూ కనిపించాయి.

అప్పుడు పెద్ద తుఫాను వచ్చింది. పాక ఎగిరిపోయింది, ఆవు చచ్చిపోయింది. ఊళ్ళో తోటలన్నీ నేలకొరిగాయి. మా మేనత్త వచ్చి, పిల్లని బడి మాన్పించి జీడిపనిలో పెట్టమంది.

"దాని చేతులకి ఆ రసం అంటనివ్వను వదినా," అంది అమ్మ.

ఆ తర్వాత రాలిన కొబ్బరాకులతో మళ్ళీ పాక వేసింది. పడిపోయిన చెట్లు తొలగించే పనికి వెళ్ళి, కూలికి బదులు ముదురు కొబ్బరికాయలు అడిగింది. అందరూ నవ్వారు. అమ్మ వాటిని తడి ఇసకలో పాతి, రోజూ నీళ్ళు పోసింది. ఆకలేసి ఒక్క కాయ కొట్టమని నేను ఏడ్చాను. కొట్టలేదు. చోడి అంబలే తాగాం.

నాలుగు నెలలకి మొలకలొచ్చాయి. తోటలు మళ్ళీ వేసుకోవాలి కదా, ఊరూరి నుంచీ మొక్కలు కొనుక్కోడానికి మా ఇంటికే వచ్చారు. పాక పోయి, మళ్ళీ పెంకుటిల్లు లేచింది.

ఒకరోజు సూరీడమ్మగారు వచ్చి గుమ్మం బయటే నిలబడింది. ఊళ్ళోకల్లా పెద్ద తోట ఆవిడదే. తుఫానుకి ఒక్క చెట్టూ మిగల్లేదు. మొక్కలు కావాలని, ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదని తలొంచుకుని చెప్పింది.

అమ్మ ఆవిడని చెయ్యిపట్టి లోపలికి తీసుకొచ్చింది.

"లేమి నిన్న మా ఇంట్లో ఉంది, ఇవాళ మీ ఇంటికొచ్చింది. అది ఎక్కడా కాపురముండదమ్మా. ముందు అన్నం తినండి."

తిన్నాక వంద మొక్కలు బండికెక్కించింది. ఇప్పటికీ ఆ తీరాన నడిచి చూడు, సగం తోటలు మా అమ్మ మొలకెత్తించినవే.

కథేమో కంచి దారి పట్టింది,
నిద్రొచ్చి నీ కంటి తలుపు తట్టింది.